మంచు సముద్రంలో ఓడ మల్లయ్యలు

2007 నవంబరు 23 తెల్లవారుజాము. అంటార్కిటికా ద్వీపకల్పానికి సమీపంలోని బ్రాన్స్‌ఫీల్డ్ జలసంధిలో లైఫ్‌బోట్లు అలల మీద ఊగుతున్నాయి. పైకప్పు లేని పడవలవి. వాటి నిండా చలికి ముడుచుకుని, ఒకరినొకరు ఆనుకుని కూర్చున్న మనుషులు. కొన్ని పడవల ఇంజన్లు మొరాయించాయి. కాస్త దూరంలో, ముందు రాత్రి వాళ్లు భోజనం చేసిన ఎర్ర రంగు ఓడ 'ఎక్స్‌ప్లోరర్' ఒక పక్కకు ఒరిగిపోతోంది. లైఫ్‌బోట్ల చుట్టూ గాలి నింపిన చిన్న రబ్బరు పడవలు తిరుగుతూ, అవి చెల్లాచెదురు కాకుండా ఒకచోటికి చేరుస్తున్నాయి. అంతకుముందు రోజుల్లో ప్రయాణికులను పెంగ్విన్ల దగ్గరికి మోసుకెళ్లిన పడవలే అవి. నడుపుతున్నదీ ఆ మనుషులే.

కొన్ని గంటల తర్వాత 'నార్డ్‌నార్గె' అనే నార్వే ఓడ వచ్చి అందరినీ ఎక్కించుకుంది. 91 మంది ప్రయాణికులు, తొమ్మిది మంది యాత్రా సిబ్బంది, 54 మంది ఓడ సిబ్బంది. మొత్తం 154 మందిలో ఒక్కరి ప్రాణం కూడా పోలేదు. ఆ సాయంత్రానికి 'ఎక్స్‌ప్లోరర్' లక్షన్నర లీటర్లకు మించిన డీజిల్‌తో సహా వెయ్యి మీటర్ల లోతుకు వెళ్లిపోయింది. ఒరిగిన ఎర్ర ఓడ బొమ్మ ప్రపంచంలోని ప్రతి పత్రికలోనూ వచ్చింది. ఆ పడవల్లో కూర్చున్నవాళ్లను అన్ని గంటల పాటు కాపాడిందెవరన్న ప్రశ్న మాత్రం ఎక్కువ మందికి తట్టలేదు.

ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అన్నది తెలుగువాళ్లకు బాగా తెలిసిన సామెత. ధ్రువ ప్రాంతాల విహార నౌకల విషయంలో అది అక్షర సత్యం. కాకపోతే ఇక్కడ ఏరు దాటకముందు కూడా మల్లయ్య ఎవరికీ కనపడడు.

ఈ వ్యాపారానికి మూలపురుషుడు లార్స్ ఎరిక్ లిండ్‌బ్లాడ్ అనే స్వీడిష్ అమెరికన్. 1966లో అద్దె ఓడ మీద పర్యాటకులను అంటార్కిటికాకు తీసుకెళ్లాడు. ఆ తర్వాత అదే పని కోసం ఫిన్లాండ్‌లో ప్రత్యేకంగా ఓ చిన్న ఓడ కట్టించాడు. 1969లో నీళ్లలోకి దిగిన ఆ ఓడే తర్వాతి కాలంలో 'ఎక్స్‌ప్లోరర్' అయింది. వంద మంది ప్రయాణికులు, వాళ్లకు పాఠాలు చెప్పే శాస్త్రజ్ఞులు, ఒడ్డుకు చేర్చే రబ్బరు పడవలు. విహారానికి విద్యను జోడించిన ఈ నమూనానే 'ఎక్స్‌పెడిషన్ క్రూజ్' పేరుతో ఇవాళ ప్రపంచమంతా అమ్ముతున్నారు. 1990ల మొదట్లో అంటార్కిటికాకు ఏడాదికి ఆరేడు వేల మంది పర్యాటకులు వెళ్లేవారు. 2022-23 సీజన్‌లో ఆ సంఖ్య లక్ష దాటింది. మరుసటి సీజన్‌లో లక్షా ఇరవై వేలకు పైకి చేరింది.

వాళ్లందరినీ మోస్తున్న ఓడలకు చలికాలమంటూ ఉండదు. నవంబరు నుంచి మార్చి దాకా దక్షిణాన వేసవి కాబట్టి అంటార్కిటికా. ఆ తర్వాత భూగోళం ఈ చివర నుంచి ఆ చివరకు ప్రయాణం. జూన్ నుంచి సెప్టెంబరు దాకా స్వాల్బార్డ్, గ్రీన్‌లాండ్. మళ్లీ వెనక్కి. సూర్యుడి వెంట పరుగెత్తే ఈ ఓడల్లో పని చేసేవాళ్లకు వెలుతురు ఆగదు, పనీ ఆగదు.

దక్షిణ యాత్రకు ప్రధాన రేవు అర్జెంటీనా కొసన ఉన్న ఉషువాయా. అక్కడి నుంచి డ్రేక్ జలసంధి దాటాలి. దక్షిణ అమెరికా కొమ్ముకీ దక్షిణ షెట్లాండ్ దీవులకీ మధ్య సుమారు 800 కిలోమీటర్లు. విశాఖపట్నం నుంచి చెన్నైకి రోడ్డు మీద వెళ్లేంత దూరం. కానీ పట్టేది దాదాపు రెండు రోజులు. భూగోళం చుట్టూ ఏ నేలా అడ్డుపడని గాలులు అక్కడ సముద్రాన్ని చిలుకుతుంటాయి. ప్రయాణికులు వాంతుల మాత్రలు వేసుకుని గదుల్లో పడుకుంటారు. వంటవాళ్లు మాత్రం ఊగే వంటగదిలో గిన్నెలు జారకుండా అడ్డుకమ్మీలు బిగించి మూడు పూటలా వండుతారు. గదులు శుభ్రం చేసేవాళ్లు తామూ కడుపులో తిప్పుతుండగానే ఇతరుల వాంతులు కడుగుతారు. అడుగున ఇంజన్ గదిలో కిటికీ ఉండదు. అక్కడివాళ్లకు అంటార్కిటికా అంటే ఒక మోత, ఒక వేడి, అప్పుడప్పుడూ ఇనుప గోడకు మంచు ఒరుసుకునే చప్పుడు. తాగడానికీ స్నానానికీ అందరికీ కావలసిన మంచినీళ్లు సముద్రపు నీటి నుంచి తయారయ్యేదీ అక్కడే.

వీళ్లందరికీ అసలు పరీక్ష రేవులో గడిపే ఒక్క రోజు. పొద్దున పాత ప్రయాణికులు దిగిపోతారు. సాయంత్రానికి కొత్తవాళ్లు ఎక్కేస్తారు. ఈ మధ్యనున్న కొద్ది గంటల్లో ప్రతి గదీ కొత్తగా కనపడాలి. దుప్పట్లు మారాలి. చెత్త దిగాలి, ఇంధనం ఎక్కాలి. తర్వాతి పది రోజులకు సరిపడా కూరగాయలు, పాలు, గుడ్లు లెక్కపెట్టి సర్దాలి. ఒక సరుకు మరచిపోతే కొనుక్కోవడానికి దారిలో అంగడి లేదు. అదే సాయంత్రం కొత్త ప్రయాణికుల ముందు నవ్వు ముఖంతో నిలబడాలి. ఎక్కినవాళ్లకు ఇది జీవితంలో ఒకేసారి చేసే యాత్ర. ఎక్కించుకున్నవాళ్లకు ఆ సీజన్‌లో ఎనిమిదోదో తొమ్మిదోదో.

మంచు ఖండం కనపడ్డాక పని ఇంకో తీరులో మొదలవుతుంది. ప్రయాణికులు నిద్ర లేవకముందే యాత్రా నాయకుడు, ఇద్దరు ముగ్గురు సహాయకులు రబ్బరు పడవలో ఒడ్డుకు వెళ్తారు. గాలి ఎటు వీస్తోంది, కెరటం ఎంత ఎత్తు, తీరంలో మంచుగడ్డలు పేరుకున్నాయా, సీల్ జంతువు ఏదైనా దారికి అడ్డంగా పడుకుందా అన్నవి చూస్తారు. ముందుగా ఒడ్డుకు చేరేది ప్రయాణికులు కాదు, ఆపద సామాన్ల మూటలు. వాతావరణం ఉన్నట్టుండి తిరగబడి ఓడకు వెనక్కి వెళ్లలేకపోతే ఒడ్డునే తలదాచుకోవడానికి గుడారాలు, తిండి, మందులు. ఆ తర్వాత జెండాలు పాతి నడిచే దారి గుర్తిస్తారు. పెంగ్విన్‌కు అయిదు మీటర్ల లోపు ఎవరూ వెళ్లకూడదు. పెంగ్విన్ తానే నడిచి వస్తే మనిషే పక్కకు తప్పుకోవాలి.

ఒడ్డు మీద ఒకేసారి వంద మందికి మించి ఉండకూడదన్నది నియమం. ప్రతి ఇరవై మందికీ ఒక మార్గదర్శి ఉండాలి. రెండు వందల మంది ఉన్న ఓడలో సగం మంది ఒడ్డున తిరుగుతుంటే మిగతా సగాన్ని పడవల్లో మంచుకొండల మధ్య తిప్పాలి. గంటన్నర తర్వాత వీళ్లు అటు, వాళ్లు ఇటు. పడవకు పది మంది చొప్పున, ప్రతి మనిషినీ ముంజేయి పట్టుకుని ఎక్కించాలి, దించాలి. వెళ్లినవాళ్లూ తిరిగొచ్చినవాళ్లూ తలకు తల లెక్క సరిపోవాలి. ఒక్క పేరు తేడా వచ్చినా ఓడ కదలదు. తిరిగొచ్చిన ప్రతి బూటునూ మందు నీళ్లలో కడగాలి. ఒక దీవి గింజ, ఒక దీవి క్రిమి ఇంకో దీవికి చేరకూడదు. 2024 ఫిబ్రవరిలో ప్రమాదకరమైన బర్డ్‌ఫ్లూ అంటార్కిటికా ద్వీపకల్పం మీద బయటపడ్డాక ఈ కట్టడి ఇంకా బిగిసింది. ప్రయాణికులు నేల మీద కూర్చోవడం, మోకాళ్లు ఆనించడం కూడా నిషేధం. ఇదంతా రోజుకు రెండుసార్లు. మధ్యాహ్న భోజనం వేళకు ఓడ ఇంకో తీరానికి చేరుకుంటుంది.

లెక్క ప్రకారం ఈ పనికి హద్దుంది. 2013లో అమల్లోకి వచ్చిన అంతర్జాతీయ నావిక కార్మిక ఒడంబడిక ప్రకారం ప్రతి 24 గంటల్లో కనీసం పది గంటలు, వారంలో కనీసం 77 గంటలు విశ్రాంతి ఇవ్వాలి. భారతదేశం 2015లో దాన్ని ఆమోదించింది. వినడానికి బాగానే ఉంది. కానీ వారానికి 168 గంటలు. 77 తీసేస్తే 91 మిగులుతాయి. పని గంటలకు కాక విశ్రాంతికి మాత్రమే హద్దు పెట్టిన దేశపు జెండా కింద వారానికి 91 గంటల పని చట్టబద్ధమే. ఆ పది గంటల విశ్రాంతిని రెండు ముక్కలు చేయడానికీ వీలుంది. ఒక ముక్క ఆరు గంటలకు తగ్గకపోతే చాలు. ఓడ యజమాని ఒక దేశం, జెండా ఇంకో దేశం, కెప్టెన్ మరో దేశం, వంటవాడు వేరే ఖండం. 'ఎక్స్‌ప్లోరర్' కూడా కెనడా కంపెనీ చేతిలో, లైబీరియా జెండా కింద నడిచిన ఓడే. పెట్టుబడికి అన్ని రేవులూ సొంతిల్లే. ఫిర్యాదు చేయాలనుకున్న ఖలాసీకి మాత్రం ఏ తలుపు తట్టాలో తెలియదు.

అలసట సంగతి వదిలేసినా, ఈ సముద్రంలో అనుభవానికి ప్రత్యామ్నాయం లేదు. అంటార్కిటికా చుట్టూ సముద్రపు లోతు సరిగా కొలవని చోట్లు ఇప్పటికీ ఎన్నో. మంచుల్లోనూ రకాలున్నాయి. సముద్రం గడ్డకట్టి తయారైన ఏడాది వయసు మంచు కాస్త మెత్తన. దాన్ని తోసుకుంటూ పోయేలా ఈ ఓడలను కడతారు. హిమానీనదాల నుంచి విరిగిపడిన మంచు వేల ఏళ్ల బరువుకు నొక్కుకుపోయి బండలా ఉంటుంది. అలల మధ్య తల మాత్రం కనిపించే అలాంటి చిన్న ముక్క పెద్ద మంచుకొండ కన్నా ప్రమాదకరం. రాడార్‌కు సరిగా దొరకదు. చీకట్లో ఆ రెంటికీ తేడా చెప్పేది పుస్తకం కాదు, అలవాటు పడిన కన్ను.

'ఎక్స్‌ప్లోరర్' ప్రమాదం మీద లైబీరియా ప్రభుత్వం 2009లో విడుదల చేసిన దర్యాప్తు నివేదిక ఇక్కడే వేలు పెట్టింది. కెప్టెన్ అనుభవజ్ఞుడే. బాల్టిక్ సముద్రపు మంచులో ఎంతో కాలం తిరిగినవాడు. కానీ అంటార్కిటికాలో ఆ ఓడకు అధిపతిగా అదే ఆయన మొదటి యాత్ర. ఎదురుగా ఉన్న మంచును ఏడాది మంచు అనుకున్నాడు. అది అంతకన్నా గట్టిదని తేలేసరికి ఆలస్యమైంది. మంచులోకి వెళ్లకుండా తెల్లవారేదాకా ఆగి ఉంటే, లేదా దారి మార్చి ఉంటే ఏమయ్యేదన్నది ఎవరైనా తర్వాత అడగగలిగే ప్రశ్న. ఆ రాత్రి వంతెన మీద నిలబడ్డ మనిషికి వెనక ఒక కార్యక్రమ పట్టిక, ఒక రేవు తేదీ, డబ్బు కట్టి వచ్చిన 91 మంది ఉన్నారు. విహార నౌకలో అన్నిటికన్నా కష్టమైన పని 'ఇవాళ దిగడం లేదు' అని చెప్పడం. లక్షల రూపాయలు పోసి వచ్చినవాడి మొహం చూస్తూ ఆ మాట చెప్పే యాత్రా నాయకుడే మంచి నాయకుడు. దానికి కంపెనీ ఏ బహుమతీ ఇవ్వదు. జరగని ప్రమాదానికి సాక్ష్యం ఉండదు కదా.

ఈ వ్యాపారంలో అంతకన్నా పెద్ద వైరుధ్యం ఇంకొకటుంది. ఇక్కడ అమ్ముడుపోయేది ఏకాంతం. మనిషి అడుగు పడని చోటు అన్న భ్రమ. ఆ భ్రమ చెదరకుండా ఓడలు ముందే ఒక ఉమ్మడి పట్టికలో తీరాలను, వేళలను పంచుకుంటాయి. ఒక ఓడ ప్రయాణికులకు ఇంకో ఓడ కనపడకుండా తప్పుకుంటూ తిరుగుతాయి. కానీ ఆపద వస్తే దిక్కు ఆ కనపడని ఓడే. అంటార్కిటికాలో తీర రక్షక దళం ఏ మలుపులోనూ కాపు కాయదు. పక్క తీరంలోని పోటీ కంపెనీ ఓడే అక్కడ అగ్నిమాపక దళం, అంబులెన్స్, ధర్మసత్రం.

అనుమానముంటే చరిత్ర చూడవచ్చు. 2007 జనవరిలో 'నార్డ్‌క్యాప్' అనే ఓడ డిసెప్షన్ దీవి దగ్గర నేలకు తాకితే ప్రయాణికులను ఎక్కించుకున్నది దాని చెల్లెలి ఓడ 'నార్డ్‌నార్గె'. పది నెలల తర్వాత 'ఎక్స్‌ప్లోరర్' వాళ్లను కాపాడినదీ అదే. 2009 ఫిబ్రవరిలో 'ఓషన్ నోవా' రాళ్ల మీద చిక్కుకుంటే 'క్లిప్పర్ అడ్వెంచరర్' వచ్చింది. ప్రతిసారీ వాతావరణం కాస్త కనికరించింది. పొరుగు ఓడ కొన్ని గంటల దూరంలో ఉంది. రెంటిలో ఏది తప్పినా కథ వేరేగా ఉండేది. వాతావరణం కనికరించని రోజులూ ఉన్నాయి. 2022 నవంబరులో రెండు వారాల వ్యవధిలో రబ్బరు పడవ తిరగబడి ఇద్దరు, ఓ పెద్ద కెరటం ఓడ కిటికీలను బద్దలు కొట్టి ఒకరు చనిపోయారు.

2013 డిసెంబరులో రష్యా ఓడ 'అకాడమిక్ షోకాల్‌స్కీ' తూర్పు అంటార్కిటికా మంచులో ఇరుక్కుంది. సాయానికి వెళ్లిన చైనా పరిశోధక నౌక 'షూ లాంగ్' తానూ ఇరుక్కుపోయింది. దాని హెలికాప్టర్ 2014 జనవరి 2న 52 మందిని ఆస్ట్రేలియా నౌక 'అరోరా ఆస్ట్రేలిస్' దగ్గరికి చేర్చింది. కేసీ స్థావరానికి సరుకులు దించుతూ ఆ పని మధ్యలో వదిలేసి వచ్చిన ఓడ అది. ఒక యాత్ర కష్టానికి మూడు దేశాల శాస్త్ర పరిశోధన వాయిదా పడింది. టీవీలు హెలికాప్టర్‌ను చూపించి ఇంటికెళ్లిపోయాయి. ఓడ సిబ్బంది 22 మంది మాత్రం ఆ మంచులోనే, ఆ ఓడలోనే ఉండిపోయారు. గాలి మారి మంచు విచ్చుకునేదాకా కొన్ని రోజులు ఓడను కాచుకుని, ఆ తర్వాత తామే నడుపుకుంటూ వెళ్లారు. ఓడ మల్లయ్య సామెతకు ఇంతకన్నా వ్యాఖ్యానం అక్కర్లేదు.

ఇందులో భారతదేశానికి ఏమిటి సంబంధం? గట్టి సంబంధమే ఉంది. 1983 నుంచి అంటార్కిటికా ఒప్పందంలో నిర్ణయాధికారమున్న దేశం మనది. మైత్రి, భారతి స్థావరాలు అక్కడున్నాయి. 1981లో మొదటి యాత్ర నుంచీ మన యాత్రలు ఆధారపడుతున్నది అద్దెకు తీసుకున్న విదేశీ ఓడల మీద. మంచులో దారి చూసే పరాయి నావికుడి విలువ మనకు తెలియనిది కాదు. పైగా 2007 వేసవిలో ఒప్పంద దేశాల వార్షిక సమావేశం జరిగింది ఢిల్లీలో. అయిదు వందల మందికి మించిన ఓడల నుంచి ఎవరినీ తీరానికి దించకూడదు, ఒడ్డున ఒకేసారి వంద మందే ఉండాలి అని తీర్మానించింది ఆ సమావేశమే. 'ఎక్స్‌ప్లోరర్' మునిగింది ఆ తర్వాత ఆరు నెలలకు. ఒడ్డున ఎందరుండాలో తీర్మానం చెప్పింది. ఓడ వంతెన మీద ఎవరుండాలో చెప్పలేదు.

ఆ లోటు కొంత తర్వాత తీరింది. 2011 ఆగస్టు నుంచి ఆ జలాల్లో బరువైన నల్ల చమురు వాడకం, రవాణా రెండూ ఆగిపోయాయి. 2017 జనవరిలో ధ్రువ ప్రాంత నౌకల నియమావళి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం పైకప్పు లేని లైఫ్‌బోట్లు చెల్లవు. సాయం వచ్చేదాకా కనీసం అయిదు రోజులు మనుషులు బతికే ఏర్పాటు ఓడలోనే ఉండాలి. 2018 జూలై నుంచి కెప్టెన్లు, డెక్ అధికారులు మంచులో నడపడానికి ప్రత్యేక శిక్షణ పత్రం చూపాలి. ఇవన్నీ ఆ రాత్రి లైఫ్‌బోట్లలో కూర్చున్నవాళ్లకు అందని సౌకర్యాలు.

మిగిలిన పని మరోసారి మన గడప దాకా వచ్చింది. 2024 మేలో ఒప్పంద దేశాల సమావేశం కొచ్చిలో జరిగినప్పుడు పర్యాటకానికి ఒక సమగ్ర చట్రం కావాలన్న చర్చ ప్రత్యేక బృందంతో మొదలైంది. ఆ చొరవలో భారతదేశానికి వాటా ఉంది. ఇలాంటి చర్చలు సహజంగానే పెంగ్విన్ల గురించి, నాచు గురించి, కార్బన్ గురించి సాగుతాయి. సాగాలి కూడా. కానీ నాచును కాపాడే నియమాన్ని రోజూ ఒడ్డున అమలు చేసేది ఏ దేశపు ఇన్‌స్పెక్టరూ కాదు. తెల్లవారకముందే లేచి, జెండాలు పాతి, బూట్లు కడిగించి, తలలు లెక్కపెట్టే ఉద్యోగే. అతడి కాంట్రాక్టు సీజన్‌తో ముగుస్తుంది. వచ్చే ఏడాది మళ్లీ పిలుస్తారా లేదా అన్నది అతడి మార్కుల మీద, అంటే ప్రయాణికుల సంతోషం మీద ఆధారపడుతుంది. 'ఇవాళ దిగడం లేదు' అనే మాట అతడి నోటి నుంచి రావాలంటే, ఆ మాట అన్నందుకు ఉద్యోగం పోదన్న భరోసా ఉండాలి. యాత్రకు ఎందరు సిబ్బంది, వాళ్లకు ఎన్ని గంటల నిద్ర, మంచులో ఎన్ని సీజన్ల అనుభవం, ఎంత దూరంలో పొరుగు ఓడ అన్నవి కూడా అనుమతి పత్రంలో ఉండాల్సిన అంకెలే. భారతదేశం తన 2022 అంటార్కిటికా చట్టంతో అనుమతులిచ్చే అధికారం తెచ్చుకుంది. ఆ పత్రాల్లో ఈ గడులు చేర్చడానికి ఏ దేశాన్నీ అడగనక్కర్లేదు.

లక్షా ఇరవై వేల మంది అంటార్కిటికాను చూసి క్షేమంగా ఇంటికి చేరడం గొప్ప విషయమే. వాళ్ల ఆల్బమ్‌లలో పెంగ్విన్లుంటాయి, మంచుకొండలుంటాయి, ఎర్ర కోట్లు వేసుకున్న తామూ ఉంటారు. పడవ దిగుతుంటే ముంజేయి పట్టుకున్న చెయ్యి మాత్రం ఫొటో అంచు దగ్గర తెగిపోయి ఉంటుంది. కొత్త చట్రం ఏదైనా సరే, మొదట ఆ చేతికి చోటివ్వాలి.